తౌనో ఊ కొట్టిన మాట

మూరసల్మిలో ఎవరితోనూ ఏనాడూ మాటామాటా అనుకోని మనిషి ఒక్కడే ఉన్నాడు, తౌనో రుత్కోనెన్. అది మంచితనమని ఊరివాళ్ళు అనుకునేవారు. మంచితనం లేకపోలేదు కానీ అసలు కారణం చెవుడు. ఎవరు ఏమన్నా తౌనో తల ఊపి "ఊఁ" అనేవాడు. వినపడలేదని చెప్పడం ఆయనకు చచ్చినంత నామోషీ.

ఆ ఊ కొట్టడం వల్ల ఆయన నెత్తిన పడినవి ఒకటీ రెండూ కావు. చేపలు పట్టేవాళ్ళ సంఘానికి ఆరేళ్ళు కార్యదర్శిగా ఉన్నాడు, ఎన్నుకున్న సంగతి ఇంటికి ఉత్తరం వచ్చాక గాని తెలియలేదు. పక్కింటివాళ్ళ పొగరుబోతు పొట్టేలును ఒక చలికాలమంతా మేపాడు. ఒక ఏడు చర్చిలో క్రిస్మస్ నాటకానికి హేరోదు రాజు వేషం కట్టాడు, అందులో డైలాగు లేకపోవడం వల్ల బతికిపోయాడు. ఇంటికి వచ్చాక భార్య ఎల్మా నడుం మీద చేతులు పెట్టుకుని అడిగేది.

"దేనికి ఊఁ అనొచ్చావో అదన్నా తెలుసా?"

దానికీ ఆయన "ఊఁ" అనే చెప్పేవాడు.

పదిహేడేళ్ళ వయసులో రంపం మిల్లులో చేరాడు. నలభై ఒక్క ఏళ్ళు ఎనిమిది నిలువు రంపాల మధ్య నిలబడ్డాడు. చెవులకు పెట్టుకునే మూతలు మిల్లుకు వచ్చేసరికి పోవలసింది పోయింది. సన్నని ధ్వనులు ఒక వరస ప్రకారం పోయాయి. మొదట పిట్టలు. తర్వాత టెలిఫోన్ గంట. ఆ తర్వాత అకార్డియన్, అంటే శనివారాలు చెరువు పక్క డాన్సు హాల్లో ఎల్మాను పట్టుకుని తిరిగిన పాటలన్నీ. చివరికి ఎల్మా గొంతు. లారీ పోతే తెలిసేది, ఉరుము తెలిసేది, మనుషుల మాటలు మాత్రం సీసాలో ఈగ తిరిగినట్టు ఉండేవి. చెవి మిషన్ ఇప్పిస్తే, చెంచా కప్పుకు తగిలినప్పుడల్లా అది చెవిలో కెవ్వుమనేది. దాన్ని చెంచాల సొరుగులోనే పడేశాడు.

ఇదంతా ఎలాగో గడిచిపోయేది. గడవనిది ఒకటి మిగిలింది.

రెండేళ్ళ కిందట మార్చి నెలలో ఎల్మా ఆస్పత్రిలో ఉంది. పొద్దున్న పదిన్నర అయ్యుంటుంది. మంచానికి ఇటు తౌనో, అటు మార్కెట్టా అనే నర్సు. మార్కెట్టా ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే పనిచేస్తుంది, ఎల్మాకు చిన్నప్పటినుంచి తెలిసిన పిల్ల, ఆ రోజు చూడటానికి వచ్చింది. ఎల్మా కళ్ళు తెరిచి తౌనో వైపు తిరిగి ఏదో అంది. పెదవులు కదలడం కనపడింది. తౌనో తల ఊపి "ఊఁ" అన్నాడు. ఎల్మా నవ్వింది. మామూలు నవ్వు కాదు, మొహమంతా విప్పారిన నవ్వు. ఆ మధ్యాహ్నమే పోయింది.

తను దేనికి ఊఁ అన్నాడు? అంత నవ్విందంటే ఏదో మాట తీసుకుంది, తను ఇచ్చాడు. ఆ మాట ఏమిటో తెలియకుండా దాన్ని ఎలా నిలబెట్టుకోవడం? రెండేళ్ళుగా తౌనో ఆ లెక్కన బతుకుతున్నాడు. ఎందుకైనా మంచిదని ఆమె జెరేనియం కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు. రై రొట్టెకు ఆమె దాచిపెట్టుకున్న పులిసిన పిండిని చావనివ్వకుండా కాపాడుతున్నాడు. ఎవరూ తొక్కని ఆమె సైకిలుకు నెలనెలా గాలి కొడుతున్నాడు. చర్చిలో ఒక్క ముక్క వినపడకపోయినా ప్రతి ఆదివారం మూడో వరసలో కూర్చుంటున్నాడు. పడవ అమ్మలేదు, ఆవిరి స్నానం గదికి రంగు వేశాడు. వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుందిలే అనుకునేవాడు, మళ్ళీ అదేదీ కాదేమో అనుకునేవాడు. మార్కెట్టాను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ అడగడమంటే, పోతున్న పెళ్ళాం చివరి మాటకు ఉత్తుత్తి ఊఁ కొట్టానని ఒప్పుకోవడం. అంత గుండె ఆయనకు లేదు.

సెప్టెంబరులో షుగరు, బీపీ చూపించుకోవడానికి మార్కెట్టా దగ్గరకు వెళ్ళాడు. రెండూ పెరిగి కూర్చున్నాయి. మార్కెట్టా పది నిమిషాలు చేతులు తిప్పుతూ క్లాసు పీకింది. తౌనో మర్యాదగా పదకొండుసార్లు ఊఁ అన్నాడు. ఈయనతో మాటల వల్ల లాభం లేదని ఆమెకూ తెలుసు కనక చివర ఒక చీటీ రాసి చేతిలో పెట్టింది. కారులో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"హెవి. ఇప్పటికన్నా ఎక్కువ. రోజూ. కొద్దికొద్దిగా మొదలుపెట్టి అలవాటు చేసుకోవాలి. డిసెంబరులో మళ్ళీ చూస్తాను."

హెవి అంటే ఏమిటో ఈ దేశంలో తెలియనివాళ్ళు లేరు. హెవీ మెటల్. గిటార్లు, డ్రమ్ములు, గొంతు చించుకోవడం. మూరసల్మిలో బస్సు డ్రైవరు వింటాడు, పళ్ళ డాక్టరు వింటుంది, కుర్ర పాస్టరు శవపేటిక బండిలో వింటాడని వదంతి. తౌనో మాత్రం ఎన్నడూ వినలేదు. బీపీకి అది మందు కావడం ఆయనకు కొంచెం వింతగానే తోచింది. అయితే ఈమధ్య వైద్యం ఎక్కడికో పోయింది, జలగల వైద్యం కూడా మళ్ళీ వచ్చిందట. చెప్పినట్టు చెయ్యకపోతే ఎల్మా ఊరుకునేది కాదు. ఒకవేళ ఎల్మా తీసుకున్న మాట, ఆరోగ్యం జాగ్రత్త అనేదే అయితే? కారు తిప్పి లైబ్రరీకి పోనిచ్చాడు.

లైబ్రరీలో సంగీతం గది సైలాది. యాభై దాటిన మనిషి, నెరిసిన జడ, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న స్వెట్టరు, నవ్వదు. ముప్పై ఏళ్ళుగా ఊరికి హెవి నేర్పినది ఆవిడేనంటే కొత్తవాళ్ళు నమ్మరు. తౌనో మాట్లాడకుండా చీటీ బల్ల మీద పెట్టాడు. సైలా చదివింది. ఇంకోసారి చదివింది. చీటీ మీదనుంచి ఆయన మొహం చూసింది. ఆ తర్వాత ఆయన కుడిచెవికి దగ్గరగా వంగి, అరవకుండా, గొంతు బాగా దించి అడిగింది.

"కొత్తగా మొదలుపెడుతున్నారా?"

గొంతు దించి మాట్లాడితే తనకు తెలుస్తుందని ఇరవై ఏళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. అందరూ అరిచేవారు, అరిస్తే గొంతు సన్నబడుతుంది. తౌనో ఉలిక్కిపడ్డాడు.

"నర్సు రాసింది," అన్నాడు. "రోజూ తీసుకోవాలట."

"అయితే పద్ధతిగా తీసుకోవాలి," అంది సైలా.

సొరుగులోంచి ఒక కాగితం తీసింది. టైపు చేసి, కొట్టేసి, మళ్ళీ చేత్తో రాసి, అంచులు నలిగిపోయిన కాగితం. కొత్తవాళ్ళకు ఇవ్వవలసిన పదకొండు పాటలు అందులో ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఆవిడ దిద్దుతూ వస్తున్న జాబితా అది. ఏ పాట వింటే మనిషి పారిపోతాడో, ఏ పాటకు కుర్చీలో ముందుకు జరుగుతాడో చూసిచూసి కట్టిన వరస.

"గురువారం గురువారం రండి. వారానికి ఒక్క పాట. ఇంటికి తీసుకెళ్ళి రోజూ మూడుసార్లు వినండి. మొదటిసారి డ్రమ్ములు ఒక్కటే పట్టుకోండి, మిగతాది గాలికి వదిలెయ్యండి. రెండోసారి గిటారు. మూడోసారి మాటలు రాసిన కాగితం చేతిలో పెట్టుకుని వినాలి. వరస తప్పి ముందుకు దూకితే నేనొప్పుకోను."

"ఊఁ."

"ఇంకోటి. హెవి వినేటప్పుడు ఏదో ఒకటి పచ్చిది నములుతుండాలి. క్యారెట్టో, టర్నిప్పో, ఆపిలో. దవడ కదిలితే చెవి తెరుచుకుంటుంది. సాసేజీ తింటూ వింటే చెవి మొద్దుబారిపోతుంది."

తౌనోకు ఇందులో సగమే వినపడింది. కానీ ఆవిడ స్వెట్టరు జేబులోంచి డబ్బా తీసి, నాలుగు టర్నిప్ ముక్కలు ముందు పెట్టి, చెయ్యి చూపించాక అర్థమైంది. లైబ్రరీలో తిండి నిషేధమని తలుపు మీద బోర్డు ఉంది. సైలా ఆ బోర్డును చూసి, చూడనట్టు తలుపు మూసింది.

మొదటి పాట "తుప్పు గంట". ఇంగ్లండులో ఇనుము కరిగించే ఊరివాళ్ళెవరో ఎప్పుడో చేసింది. నిదానంగా నడుస్తుంది, తడి బంకమట్టిలో బూట్లు వేసుకుని నడిచే మనిషిలా. సైలా తౌనోను స్పీకరు పక్కన కూర్చోబెట్టి, ఆయన అరచేతిని చెక్కపెట్టె మీద పెట్టి, మీట తిప్పింది.

తౌనో టర్నిప్ ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

అది వచ్చింది. ముందు అరచేతిలోకి, తర్వాత మోచేతిలోకి, ఆపైన ఛాతీలోకి. పాదాల కింద నేల కదిలింది. ఆ తర్వాత, ఆయన నమ్మలేకపోయాడు, చెవుల్లోకి వచ్చింది. సీసాలో ఈగ కాదు. పాట. దానికి ఒక మొదలుంది, ఒక మలుపుంది, వెళ్ళి మళ్ళీ వచ్చే చోటుంది. పదిహేనేళ్ళుగా మూసి ఉన్న ఇంటికి ఎవరో వచ్చి, తలుపు కొట్టకుండా గోడనే తోసుకుని లోపలికి వచ్చినట్టుంది. మిల్లులో మొదటిరోజు ఎనిమిది రంపాలూ ఒక్కసారి లేచినప్పుడు పదిహేడేళ్ళ కుర్రాడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు, భయంతో సగం, ఇంత పెద్దది ఒకటి లోకంలో ఉందా అనే ఆశ్చర్యంతో సగం. అదే కుర్రాడు ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళ ఒంట్లో మళ్ళీ నిలబడ్డాడు. ఆరు నిమిషాలు ఊపిరి తీసుకున్నాడో లేదో ఆయనకే తెలియదు.

పాట అయిపోయింది. సైలా మీట కట్టేసింది.

"ఇంత వినపడుతుందని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు తౌనో. 

అలా మొదలైంది. గురువారం మూడింటికి పాత నీలం కారు లైబ్రరీ ముందు ఆగేది. "గుర్రాలు వదిలేశారు" అనే పాట పరుగు, విన్న వారమంతా తౌనో మెట్లు రెండేసి ఎక్కాడు. జర్మన్ల "రెండో షిఫ్టు" విని, వీళ్ళు ఫ్యాక్టరీ లోపలికి అడుగుపెట్టినవాళ్ళే, కాకమ్మ కబుర్లు చెప్పడం లేదు అని తీర్పు ఇచ్చాడు. రెండు గిటార్లు జంటగా పైకి ఎగబాకే "అమ్మ కుట్టిన జెండా" దగ్గర మాత్రం చిన్నబోయాడు. గిటార్లు ఎంత పైకి పోతే తనకు అంత కనుమరుగయ్యేవి. సైలా అది కనిపెట్టి ఆ వారం జాబితాలో ఒక పాట కొట్టేసి ఇంకోటి రాసింది. ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషి కోసం ఆవిడ జాబితా మార్చడం అదే మొదలు.

ఇంట్లో ఎల్మా భజన గీతాలు వినే చిన్న స్టీరియో ఉంది. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, రెండు అరచేతులు పెట్టె మీద ఆనించి, పక్కన క్యారెట్ల గిన్నె పెట్టుకుని కూర్చునేవాడు. క్యాబేజీ ఆకులు నమిలాడు. తోటలో రాలిన ఆపిళ్ళు నమిలాడు. దవడ నొప్పెట్టేది, అయినా వైద్యం వైద్యమే.

ఆరో గురువారం "నల్ల వంతెన". స్వీడన్‌వాళ్ళది. డ్రమ్ములవాడు రెండు కాళ్ళతో రెండు పెద్ద డ్రమ్ములు అదేపనిగా కొడతాడు, కుట్టుమిషను నడిచినట్టు. తౌనో కళ్ళు మూసుకుని, స్పీకరు మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. పాట సగం దాటాక కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎడమకాలు," అన్నాడు.

"ఏమైంది ఎడమకాలికి?"

"ఆలస్యమవుతోంది. వెంట్రుకవాసి. అలసిపోయాడు పాపం. మళ్ళీ గిటారువాడు ఆగిన చోట సర్దుకున్నాడు."

సైలా ఆ పాట ఇరవై రెండేళ్ళుగా వింటోంది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఏమీ తెలియలేదు. ఇంకోసారి పెట్టి, తనూ పెట్టె మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది. నాలుగోసారికి అందింది. నిజమే, ఎడమకాలు వెనకబడుతోంది, ఆ కాస్త చోట ఒక మనిషి ఆయాసం ఉంది. ఆవిడ చెయ్యి తియ్యకుండా తౌనో వైపు తిరిగింది.

"మీకెలా తెలిసింది?"

"మిల్లులో నా పని అదేగా. రంపం చట్రం మీద చెయ్యి పెడితే ఏ పన్ను మొద్దుబారిందో చెప్పేవాణ్ణి. చెవులు ఎవడికి కావాలక్కడ!" అన్నాడు తౌనో, టర్నిప్ నములుతూ.

అదేదో చిన్న సంగతి అన్నట్టు అన్నాడు కానీ ఇంటికి వెళ్తూ దారంతా ఈల వేశాడు. ఆ ఈల తనకు వినపడదు, దారిన పోయేవాళ్ళకు వినపడింది.

నవంబరు చివరి గురువారం పదకొండో పాట. "మంచు కింద నీళ్ళు". మన సరస్సుల పక్కవాళ్ళు, ఉత్తరాన ఏదో చిన్న ఊళ్ళో నలుగురు కూడి చేసింది. పద్నాలుగు నిమిషాలు. ఇందులో గొంతు ఉంది. మిగతా పది పాటల్లో పాడేవాళ్ళ గొంతులు తౌనోకు అందనంత ఎత్తున ఉండేవి, ఆయన వాద్యాలతోనే సరిపెట్టుకున్నాడు. ఇది అలా కాదు, కడుపు అడుగునుంచి తోడే గుర్రుమనే గొంతు. ఇంట్లో పెడితే ఆడవాళ్ళు కట్టెయ్యమంటారు, పిల్లులు మంచం కిందకు దూరతాయి. అందుకే సైలా దాన్ని చివర పెట్టింది.

డ్రమ్ము మెల్లగా పడింది. గిటారు వచ్చి కింద పరుచుకుంది. దాని మీద ఆ గొంతు లేచింది.

తౌనో రెండు చేతులూ స్పీకరు మీద పెట్టేశాడు. మనిషి గొంతు. ఏళ్ళ తరబడి తన దాకా రాని మనిషి గొంతు, సగం తెగిపోకుండా, అంచులు రాలిపోకుండా, పూర్తిగా వచ్చి ఛాతీలో కూర్చుంది. ఏమంటున్నాడో ఒక్క అక్షరం తెలియడం లేదు, కానీ ఒక మనిషి తనతో ఏదో చెబుతున్నాడు. తౌనో కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవాలంటే చేతులు తియ్యాలి, తియ్యలేదు. సైలా కిటికీ వైపు తిరిగి నిలబడింది. ముప్పై ఏళ్ళలో ఆ పాటకు భయపడ్డవాళ్ళను చూసింది, నవ్వినవాళ్ళను చూసింది. దండం పెడుతున్నట్టు కూర్చున్న మనిషిని చూడటం ఇదే మొదలు. తను ఏనాడైనా ఈ పాట ఇంతగా విన్నదా అని ఆవిడకే అనుమానం వచ్చింది.

అయిపోయాక తౌనో అలవాటు కొద్దీ తల ఊపాడు.

"మాటలు అర్థమయ్యాయా?" అని అడిగింది సైలా.

"ఊఁ."

"అబద్ధం."

తౌనో దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు. సైలా దగ్గరకు వచ్చి, ఎప్పటిలా గొంతు దించింది.

"ఈ పాట మొదటిసారే అర్థమైన మనిషి ఈ దేశంలో లేడు. నాకూ కాలేదు. అందరం మళ్ళీ పెట్టుకుని వింటాం, కాగితం చూసుకుంటాం, పక్కవాణ్ణి అడుగుతాం. హెవి వినేవాళ్ళలో అది తప్పు కాదు తౌనో గారూ. మళ్ళీ వినాలనిపించడమే గదా పాటకు మర్యాద."

కాగితం చేతిలో పెట్టింది. మళ్ళీ పెట్టింది. మూడోసారికి ఒక ముక్క తౌనోకు కాగితం చూడకుండానే తెలిసింది. "నువ్వు వినకపోయినా నీళ్ళు మాట్లాడుతూనే ఉన్నాయి," అంటున్నాడు ఆ పాడేవాడు. తౌనో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న పెట్రోలు బంకు కాఫీ బల్ల దగ్గర ఎప్పటి ముసలివాళ్ళే చేరారు. తౌనో ఈల సంగతి, హెవి సంగతి అప్పటికే ఊరంతా పాకాయి. మిల్లులో పాత జతగాడు రెయినో ఊరుకోలేక అడిగాడు, దగ్గరకు జరిగి, అరిచినా సన్నబడని తన ఎద్దు గొంతుతో చెవిలో గావుకేక వేసి.

"ఏంరా తౌనో, ఈ వయసులో నీకు హెవి పిచ్చేమిటి?"

"పిచ్చి కాదురా, మందు. మార్కెట్టా రాసిచ్చింది." జేబులోంచి చీటీ తీసి చూపించాడు, కాస్త గర్వంగానే.

రెయినో చదివాడు. చదివి కాఫీ కప్పు కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది, భుజాలు కదిలాయి, చివరికి బల్ల మీద చెయ్యేసి కొట్టాడు.

"ఒరేయ్ వెర్రివెంగళప్పా! కొట్లో నీ నెత్తి మీద తలుపంత బోర్డు వేలాడుతుంటుంది, ఎప్పుడూ చూళ్ళేదా? హెవి! హెదెల్మాత్, విహన్నెక్సెత్, అంటే పళ్ళూ కూరగాయలు! ఆ రెండు మాటల ముందు అక్షరాలు కలిపి కొట్లవాళ్ళు హెవి అని రాస్తారు. కూరగాయలు తినమందిరా నిన్ను!"

బల్ల చుట్టూ నవ్వులు. తౌనోకు నవ్వులు వినపడలేదు, ఊగుతున్న పొట్టలు కనపడ్డాయి. బోర్డు ఆయన చూడలేదు నిజమే. కూరలు కొనడం ఎల్మా పని. తను తలుపులోంచి నేరుగా కాఫీకి, అక్కణ్ణుంచి సాసేజీకి పోయేవాడు, తల పైకెత్తే పని ఎన్నడూ పడలేదు. కొట్లవాళ్ళకు పూర్తి మాట రాయడానికి సుద్దముక్క అరిగిపోతుందా అని నాకు ఒళ్ళు మండుతుంది కానీ, ఆ రోజు తౌనోకు ఎవరి మీదా కోపం రాలేదు. చెవుల దాకా సిగ్గు ముంచుకొచ్చింది, అంతే. మూడు నెలలు ఊరంతా నవ్వుకుంటూ ఉందన్నమాట. కాఫీ సగంలో వదిలేసి లేచాడు. కారెక్కాక టర్నిప్ గుర్తొచ్చింది. క్యారెట్లు గుర్తొచ్చాయి. నేరుగా లైబ్రరీకి వెళ్ళాడు.

"మీకు తెలుసు," అన్నాడు సైలాతో, సంగీతం గది తలుపులో నిలబడి. "మొదటిరోజే తెలుసు."

"తెలుసు," అంది సైలా.

"చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నా. ముందొక పాట వినిపించి చెబుదాంలే అనుకున్నా. ఆ పాటకి మీ మొహం చూశాక నోరు రాలేదు." ఆవిడ జేబులోంచి టర్నిప్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "అందుకే కూరలు కూడా తినిపించాను. నర్సమ్మకి అన్యాయం చెయ్యలేదు. మీకు చేశానేమో తెలీదు. చేస్తే క్షమించండి."

తౌనో గది మధ్యలో నిలబడి స్పీకర్ల వంక చూశాడు. నవ్వుతున్న రెయినో పొట్ట గుర్తొచ్చింది. ఆ గుర్రుమనే గొంతూ గుర్తొచ్చింది. ఆ నర్సు చెప్పింది వినపడక, అడగక, ఊఁ అనబట్టి కదా ఇదంతా. ఈసారి ఊఁ వల్ల దొరికినది ఇంత పెద్దది. మరి అడగక పోగొట్టుకున్నది ఎంతో?

"పన్నెండో పాట ఉందా?" అన్నాడు.

"వెతుకుతాను."

"వెతకండి. ముందు నాకు వేరే పనుంది."

డిసెంబరు మూడో తారీకున మార్కెట్టా ముందు కూర్చున్నాడు. ఆమె పట్టీ కట్టి బీపీ చూసింది. రక్తం కాగితం చూసింది. మళ్ళీ చూసి, ఆయన ముందుకు తిప్పి అంకెల మీద వేలు పెట్టింది.

"తౌనో గారూ! షుగరు దిగింది, బీపీ దిగింది, నాలుగు కిలోలు తగ్గారు. ఏం చేశారు?"

ఆయన చెప్పాడు. చీటీ, లైబ్రరీ, పదకొండు పాటలు, టర్నిప్పు, పెట్రోలు బంకు అన్నీ. ఏదీ దాచలేదు. మార్కెట్టా ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత బల్ల మీద వాలిపోయింది, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తౌనో కూడా నవ్వాడు. నవ్వుతూనే ఉన్నవాడు ఉన్నట్టుండి ఆగాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"మార్కెట్టా. ఆ రోజు ఆస్పత్రిలో ఎల్మా నాతో ఒక మాటంది. నేను ఊఁ అన్నాను. నాకు వినపడలేదు. రెండేళ్ళయింది. ఏమంది?"

మార్కెట్టా నవ్వు ఎటో పోయింది.  తల వంచుకుని ఏదో చెప్పింది, మెల్లగా.

తౌనో తల ఊగబోయింది. మెడ దాకా వచ్చింది ఆ ఊఁ. డెబ్బై ఆరేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి, దాన్ని మింగేశాడు.

"వినపడలేదు. గొంతు దించి మళ్ళీ చెప్పు."

మార్కెట్టా కుర్చీ జరుపుకుని దగ్గరకు వచ్చింది. ఆయన కుడిచెవి దగ్గర వంగి, ఎంత బొంగురుగా వీలైతే అంత బొంగురుగా చెప్పింది.

"'నీకు ఒక్క ముక్క కూడా వినపడలేదు కదూ, ముసలోడా?' అని అడిగింది. మీరు ఊఁ అన్నారు. అప్పుడు నా వైపు చూసి నవ్వింది. 'చూశావా, నలభై ఆరేళ్ళకి నిజం ఒప్పుకున్నాడు' అంది."

తౌనోకు ప్రతి అక్షరం వినపడింది, అంచులతో సహా. ఎల్మా ఏ మాటా తీసుకోలేదు. ఏ పనీ చెప్పలేదు. ఆమెకు మొదటినుంచీ అంతా తెలుసు. కిటికీ అవతల మంచు మెల్లగా రాలుతోంది. మార్కెట్టా ఆయన చేతి మీద చెయ్యి వేసి, వినపడిందా అని కళ్ళతోనే అడిగింది.

"మళ్ళీ చెప్పు," అన్నాడు తౌనో.